షిఫ్టు అయ్యాక చూద్దామనుకోకూడని కడుపునొప్పి

అన్నం తిన్న కాసేపటికి కడుపు మెలిపెట్టినట్టు నొప్పి, వాంతి. కొన్ని గంటలకు దానంతటదే తగ్గుతుంది. కొన్నాళ్లకు మళ్లీ అదే బాధ. గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని డ్యూటీకి వెళ్లిపోతాం. చాలాసార్లు అది గ్యాసే కావచ్చు. కానీ ఏళ్ల తరబడి ఇలా వచ్చిపోతుంటే, పుట్టుకతో వచ్చిన పేగుల అమరిక లోపం ఉందేమో చూపించుకోవాలి.

తల్లి కడుపులో ఉండగానే మన పేగులు 270 డిగ్రీలు తిరిగి తమ చోట కుదురుకుంటాయి. ఆ తిరగడం మధ్యలో ఆగితే పేగులను పట్టి ఉంచే పొర మొదలు ఇరుకైపోతుంది. దాని చుట్టూ పేగు మెలిపడితే రక్తసరఫరా ఆగి, కొన్ని గంటల్లోనే పేగు కుళ్లిపోవచ్చు. ఎక్కువగా పసితనంలోనే బయటపడే జబ్బు కాబట్టి పెద్దవాళ్లలో దీని మీదకు అనుమానం త్వరగా పోదు.

పనిలో ఉండగా వస్తే

ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి, ఆకుపచ్చ పసరు వాంతి, కడుపు ఉబ్బి గట్టిపడటం, మలంలో రక్తం, కళ్లు తిరగడం: వీటిలో ఏది కనిపించినా పని ఆపేయండి. ఏమీ తినొద్దు, తాగొద్దు. బండి మీరు నడపొద్దు. 108కి ఫోన్ చేయించి, సీటీ స్కాన్, సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.

నొప్పి వచ్చిపోతుంటే

ఎప్పుడు వచ్చింది, ఏం తిన్నాక వచ్చింది, వాంతి ఏ రంగులో ఉంది రాసిపెట్టుకుని డాక్టరుకు చూపించండి. ఎండోస్కోపీ బాగున్నా నొప్పి ఆగకపోతే సీటీ స్కాన్ అవసరమా అని అడగండి. నొప్పి ఉన్నప్పుడే తీస్తే మెలిక కనిపించే అవకాశం ఎక్కువ.

జబ్బు తేలితే

రిపోర్టు ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి. పక్కన పనిచేసేవాళ్లలో ఒకరికైనా చెప్పండి. ఈ లోపం ఉన్నవాళ్లకు అపెండిక్స్ ఎడమవైపు ఉండొచ్చు. కొత్త డాక్టరుకు ఆ మాట ముందే తెలియాలి. ఈ లోపానికి చేసే లాడ్ ఆపరేషన్‌లో మెలిక విప్పి, అడ్డుపడిన పట్టీలు కోసి, పొర మొదలును వెడల్పు చేస్తారు. పొట్ట కోసి చేస్తే సుమారు ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు. ఎన్నాళ్లు తేలికపని చేయాలో డాక్టరుతో కాగితం మీద రాయించుకుని ఆఫీసులో ఇవ్వండి. ఈఎస్‌ఐ ఉండి, అర్హతకు సరిపడా చందా కట్టి ఉంటే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం అనారోగ్య భృతి వస్తుంది. మెడికల్ సర్టిఫికెట్లు పారేయకండి.

సూపర్‌వైజర్లకూ ఒక విన్నపం: పసరు కక్కుతున్న మనిషిని షిఫ్టు పూర్తిచేయమనకండి. ముందు ఆసుపత్రికి పంపండి.