పేరుండీ పోతున్న ఓటు



ఆంగ్లేయుల పాలనలో ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలున్న కొద్దిమందికే ఓటు ఉండేది. స్వతంత్ర భారతం 21 ఏండ్లు నిండిన అందరికీ దానినిచ్చింది. అయినా 1951-52 తొలి సాధారణ ఎన్నికలలో సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితా నుండి పోయాయి. కారణం? తమ పేరు చెప్పక 'ఫలానావారి భార్య', 'ఫలానావారి కూతురు' అని వ్రాయించుకొనుటయే! 1989లో ఓటు వయస్సు 18కి తగ్గింది.

హక్కు ఇలా విస్తరించింది. మరి మనం? 2024 లోక్‌సభ ఎన్నికలలో హైదరాబాదు నియోజకవర్గంలో సగంమంది కూడా ఓటు వేయలేదు. నాడు పేరు చెప్పక ఓటు పోయింది; నేడు పేరుండీ పోతున్నది.

"నా ఒక్క ఓటుతో ఏమవుతుంది ఫాదర్?" అంటారు. మీరు వెళ్లకపోయినా ఎన్నిక ఆగదు. వెళ్లినవారే మీ తరఫున కూడా నిర్ణయిస్తారు. ఓటు వేయుట నైతిక బాధ్యతయని శ్రీసభ సత్యోపదేశం (2240) బోధిస్తున్నది.

కనుక ఈ వారమే ఇంటిల్లిపాదీ ఓటర్ల జాబితా చూడండి. 18 నిండిన బిడ్డకు ఫారం 6 నింపండి. కోడలి పేరు పుట్టింటి ఊరి జాబితాలోనే ఉన్నదా? ఫారం 8తో మార్పించండి. ఆమె ఓటు దూరం కానీయకండి.