పైపు పొగాకు నాణ్యత బ్యారన్‌లోనే తేలుతుంది

పైపు పొగాకు తయారుచేసేవారు ఒకే రకం ఆకుతో సరిపెట్టుకోరు. తియ్యదనానికి వర్జీనియా, పాకాలను బాగా పీల్చుకుంటుంది కాబట్టి బర్లీ, సువాసనకు టర్కీ, గ్రీసు ప్రాంతాల ఓరియంటల్ ఆకు కలుపుతారు. పొగబెట్టి ఆరబెట్టే లటాకియాను, అమెరికాలోని లూసియానాలో పీపాల్లో అదిమి పులియబెట్టే పెరీక్‌ను ఘాటు కోసం కొద్దిగా చేరుస్తారు. ఈ మిశ్రమాల్లో చాలావాటికి ఆధారం వర్జీనియాయే. ఆ రకానికి మన గోదావరి జిల్లాల మెట్ట నేలలు పేరుపడ్డవి. బర్లీ వినుకొండ వైపు, గోదావరి ఏజెన్సీ ప్రాంతంలో పండుతుంది.

పచ్చిగా మిగిలిన ఆకును, మాడిన ఆకును ఏ పాకమూ బాగుచేయలేదు. అందుకే ఆకు కోసి ఆరబెట్టే రెండు మూడు నెలల పని చాలా కీలకం.

అక్టోబరు, నవంబరుల్లో నాటిన వర్జీనియా తోటలు పక్వానికి వచ్చాక రెలుపు, అంటే ఆకు కోత, మొదలవుతుంది. అడుగు నుంచి పైకి, పక్వానికి వచ్చిన రెండు మూడు ఆకులనే కోయాలి. ఆకు లేత పసుపు తిరిగి, నడి ఈనె తెల్లబడితే కోతకొచ్చినట్టు. కూలీలు దొరికారని పచ్చాకును కలిపి కోస్తే, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో రంగు సమంగా రాదు. మంచు తడి ఆరాకే కోతకు దిగాలి. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి చేరి వాంతులు, తల తిరగడం వస్తాయి. కూలీలకు చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కాలు సమకూర్చడం రైతు బాధ్యత.

బ్యారన్‌లో తొలి దశ పసుపు రంగు తెప్పించడం. వేడి 90–100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర నిలిపి, తేమ పోకుండా చూడాలి. ఈ సమయంలోనే ఆకులోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. పైపు పొగాకును దిమ్మలుగా అదిమి నిల్వ ఉంచినప్పుడు వచ్చే కమ్మదనానికి ఈ చక్కెరే మూలం. తొందరపడి మంట పెంచితే ఆకు పచ్చగానే ఎండిపోతుంది.

రంగు తిరిగాక గాలి కిటికీలు తెరుస్తూ వేడిని మెల్లగా 120, 140 డిగ్రీలకు తేవాలి. చివరగా ఈనె ఆరడానికి 160 దాకా పెంచవచ్చు. అంతకు బాగా మించితే ఆకు ఎర్రబడుతుంది. ఒక్కో బ్యారన్‌కు అయిదారు రోజులు పడుతుంది. బ్యారన్ గోడల్లో, తలుపుల్లో సందులు పూడిస్తే కట్టెల ఖర్చూ తగ్గుతుంది.

తోటకు చివరి తడులుగా బోరు నీరు పెట్టేవారు ముందు పరీక్ష చేయించాలి. లీటరుకు 50 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉన్న నీరు పనికిరాదు. క్లోరైడు ఎక్కువైన ఆకు తేమ పీల్చుకుంటుంది, సరిగా కాలదు. పైపులో అది మాటిమాటికీ ఆరిపోతుంది. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడమనడానికి కారణం ఇదే.

బ్యారన్‌లో ఆరాక మెత్తబడిన ఆకును దించి మండె (కుప్ప) వేసేటప్పుడు ఈనె పూర్తిగా ఆరిందో లేదో విరిచి చూడాలి. తడి ఈనె ఒక్కటున్నా చుట్టూ బూజు పడుతుంది. మండెను అప్పుడప్పుడు తిరగవేయాలి. గ్రేడు చేసేటప్పుడు ప్లాస్టిక్ పురికొసలు, వెంట్రుకలు, గడ్డి ఏరివేయాలి, ఇవి కనబడితే కొనేవారు బేలునే వెనక్కి పంపుతారు.

వర్జీనియా రైతులు పొగాకు బోర్డు వద్ద నమోదై, అనుమతించిన పరిమాణం మేరకే ఆకు పండించి వేలానికి తేవాలి.