బోరు బండి కన్నా ముందు భూజల పటం: మే నెల సలహాలు

భివండీ పద్మానగర్ నుంచి ఎండాకాలం సెలవులకు ఊరెళ్లే మన కుటుంబాల్లో చాలామందికి సిరిసిల్ల, నల్గొండ, పాలమూరు వైపు ఎకరమో రెండెకరాలో ఉంది. మరమగ్గాల మీద కూడబెట్టిన డబ్బుతో బోరు వేయించేదీ ఈ రోజుల్లోనే. భివండీలో ఏటా 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. సిరిసిల్లలో సుమారు 900. అదీ ఈమధ్య ఏళ్లలో నాలుగు రోజులు కుండపోతగా కురిసి, ఆపై వారాల తరబడి ముఖం చాటేస్తోంది. వాగుల్లో ఇసుక తేలిన ఈ సమయంలో డబ్బు నేలలో పోసేముందు పటం చూడండి.

పటంలో ఏం చూడాలి: ఇస్రో 'భువన్' వెబ్‌సైట్ 2009 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసిన భూజల పటాలు అందులో ఉన్నాయి. ఊళ్లో ఉన్నవారిని పొలంలో నిలబడి ఫోన్‌లో లొకేషన్ పంపమని, దాన్ని పటంలో గుర్తించండి. మన గ్రానైట్ నేలల్లో నీరు పైనున్న మెత్తబడ్డ రాతి పొరలో, కింద పగుళ్లలో ఉంటుంది. పగుళ్ల గీతలు పొలానికి దగ్గరగా ఉన్నాయేమో చూడండి. నేలలో గోడలా నిలిచిన నల్లరాతి డైకు అడ్డంగా ఉంటే, సాధారణంగా దాని ఎగువ వైపు నీరు నిలుస్తుంది.

పటం చెప్పనిది: ఈ పటాలు 1:50,000 కొలతవి. పటంలో సెంటీమీటరు నేల మీద 500 మీటర్లు. కాబట్టి ప్రాంతం తెలుస్తుంది, బోరు పాయింట్ తెలియదు. పాయింట్ కోసం భూగర్భ నిపుణుడితో విద్యుత్ నిరోధక సర్వే చేయించండి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం అనుమతి తీసుకోండి. అవకాశం తక్కువని తేలితే ఆ డబ్బు నీటి కుంటకు పెట్టండి.

మట్టం కొలవండి: మే చివర, నవంబరులో బావి నీటిమట్టాన్ని టేపుతో కొలిచి రాయండి. కొలిచే ముందు రాత్రంతా మోటారు ఆపాలి. ఇరుగుపొరుగు బావుల కొలతలూ ఒకే పటం మీద గుర్తించండి. నల్గొండ, మహబూబ్‌నగర్ సహా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు జిల్లాల్లో 2003లో మొదలైన రైతుల భూగర్భజల యాజమాన్య కార్యక్రమం ఈ దారిలోనే నడిచింది. రైతులే వాననూ బావినీ కొలిచి, ఊరి నీటి లెక్క కట్టి, యాసంగి పంటలు ఎంచుకున్నారు.

పంట లెక్క: ఎకరంలో 1 మిల్లీమీటరు నీరంటే సుమారు 4,000 లీటర్లు. వరికి దాదాపు 1,200 మిల్లీమీటర్లు, అంటే 48 లక్షల లీటర్లు కావాలి. పెసరకు 300 మిల్లీమీటర్లు, అంటే 12 లక్షల లీటర్లు చాలు.

తొలకరిలో: మొదటి పెద్ద వానకు నీళ్లు పొలంలో ఎటు పారాయో ఫోన్ పటంలో గుర్తు పెట్టించండి. ఇంకుడు గుంట ఆ దారిలోనే తవ్వాలి. వాగు ఇసుక తోడనివ్వకండి. వరద నీటిని పట్టి నేలలోకి దించేది ఆ ఇసుకే.

భివండీకి తిరిగొచ్చే ముందు కొలతల పుస్తకం కౌలు రైతు చేతిలో పెట్టి, ఎవరు ఎప్పుడు కొలవాలో మాట్లాడుకోండి. నవంబరు కొలత ఫోన్‌లో వినకుండా యాసంగి విత్తనానికి డబ్బు పంపవద్దు. మట్టం పైకి రాకపోతే ఆ ఏడు వరి మానండి. పెసరతో పంట చేతికొస్తుంది, బావిలో నీరూ మిగులుతుంది.