ఏటి యొడ్డు పచ్చదనము: పొలములకు పెట్టని కోట

అనంతపురము జిల్లాలో కణేకల్, బొమ్మనహాళ్ ప్రాంతముల యందు ఇసుక మేటలు పొలములను కప్పివేయుట చూచినవారికి, గాలి నేలను ఎట్లు హరింపగలదో వేరుగా చెప్పనక్కరలేదు. అచ్చటి హగరి నది, అనగా వేదవతి, సంవత్సరములో హెచ్చుకాలము ఎండియుండును. వరద తెచ్చిన సన్న ఇసుక తడియారి బయటపడును. ఆషాఢ శ్రావణ మాసములలో వీచు నైరృతి గాలి దానిని లేపి పొలములపైకి తరలించును. మేటపడిన చేనిలో మొలక పైకి రాదు. ఇసుకను ఎత్తిపోయుటకే రైతు కూలి వెచ్చింపవలసివచ్చును. కొంతకాలమునకు ఆ భూమి బీడగును.

గాలి ఇసుకను ఎట్లు మోయును?

ఇసుక రేణువులు ధూళివలె ఆకాశమున కెగయవు. గంతులు వేయుచు నేలనంటి ముందుకు సాగును. పడిన రేణువు మరికొన్నింటిని లేపును. వానిలో అధికభాగము నేలకు ఒక అడుగు ఎత్తులోపలనే ప్రయాణించును. కావున ఏటి యంచున పెరుగు రెల్లు, తుంగ, ఈత పొదలను పనికిరాని కంపగా భావింపరాదు. ఇసుకను మొదట పట్టునవి అవియే. వాని వెనుక కానుగ, తుమ్మ, సరుగుడు చెట్లు వరుసలుగా నున్నచో పైగాలియు మందగించును. 20 అడుగుల ఎత్తుగల వరుస వెనుక సుమారు 200 అడుగుల వరకు పైరునకు రక్షణ లభించును.

ఈ అడ్డు గోడవలె గాక దడివలె ఉండవలెను. గోడను తాకిన గాలి పైకెక్కి, ఆవల సుడులు తిరుగుచు దిగును. దడిలో జొరబడిన గాలి బలము తగ్గి ఇసుకను అచ్చటనే విడుచును. అయితే దడిలో పెద్ద సందు ఏర్పడినచో గాలి అందుండి మరింత వేగముగా దూసుకొనిపోవును. ఒకరు వంటచెరకునకై కొట్టిన పది చెట్లు పదిమంది పొలములకు ఇసుకదారి తెరచును.

పంచాయతి సభ్యులు చేయదగిన పనులు

1. తొలకరి వానలకు ఒడ్డున మొదట రెల్లు దుబ్బులు, వెనుక చెట్లు నాటించవలెను. వరద పారు దారిలో నాటరాదు.

2. మొక్కలు నిలదొక్కుకొనువరకు మేకలను, గొఱ్ఱెలను తోలనీయరాదు.

3. గడ్డిని, కట్టెను పేదలకు వంతులవారీగా కోసికొననీయవలెను. వరుస మొత్తమును ఒకేసారి నరుకరాదు. గాలికాలమున అసలే తాకరాదు.

4. చెట్ల నరికివేతను, ఇసుక త్రవ్వకమును 2002వ సంవత్సరపు వాల్టా చట్టము నియంత్రించుచున్నది. ఈ రెండింటిని కనిపెట్టి యుండవలెను.

చెట్టు ఎదుగుటకు ఏండ్లు పట్టును. చేను మేటపడుటకు ఒక్క గాలికాలము చాలును.