కలమే జీవనాధారమైతే

పూర్వం కవికి రాజే పోషకుడు. శ్రీనాథుడు కొండవీటి రెడ్డిరాజుల ఆస్థానంలో విద్యాధికారిగా వైభవం అనుభవించాడు. ఆ రాజ్యం అంతరించాక ఆశ్రయం వెదకుతూ తిరిగి, చివరి దశలో కష్టాల పాలయ్యాడని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. పోతన మాత్రం సేద్యాన్ని నమ్ముకొని భాగవతాన్ని రచించాడని ప్రతీతి. ఒకరి జీవనం పోషకుని సిరిసంపదలతో ముడిపడినది. మరొకరిది కావ్యానికీ కడుపుకూ ముడిపెట్టనిది.

నేడు ఆస్థానాలు లేవు. పత్రికలు, ప్రచురణ సంస్థలు, టెలివిజన్, ప్రకటన రంగం, అంతర్జాలం రచయితకు పని కల్పిస్తున్నాయి. ఏ ఒక్కచోటా జీతానికి కుదరక, పలువురికి రచనలు అందించి పారితోషికం పొందే వ్యక్తినే ఫ్రీలాన్స్ రచయిత అంటారు. ఈ వృత్తిలో స్వేచ్ఛ ఎంతో, అనిశ్చితి అంత. కనుక ఇందులో అడుగుపెట్టేవారికి ఆత్మపరిశీలన అత్యవసరం.

మొదటి ప్రశ్న: నేను ఏది బాగా రాయగలను? అభిరుచి వేరు, సామర్థ్యం వేరు. కథలంటే ప్రాణమిచ్చే వ్యక్తి అనువాదంలో రాణించవచ్చు. పూర్తిచేసిన ఐదు రచనలను ముందుంచుకొని, ఏది గడువులోపు ముగిసింది, ఏది తిరిగి వచ్చింది, ఎందుకు వచ్చింది అని రాసుకోవాలి. మిత్రుల మెప్పుకన్న ఈ పట్టిక నమ్మదగినది.

రెండవ ప్రశ్న: నా కాలం విలువ ఎంత? నెలకు 24,000 రూపాయలు అవసరమనీ, వ్యాసానికి 2,000 రూపాయలు వస్తాయనీ అనుకొందాం. పన్నెండు వ్యాసాలు రాయాలి. ఒక్కొక్కదానికి రెండు రోజులైతే 24 రోజులు. లెక్క సరిపోయినట్లే కనిపిస్తుంది. కాని పని వెదకడానికి, సవరణలకు, ఉత్తరప్రత్యుత్తరాలకు పట్టే రోజులు ఇందులో లేవు. పారితోషికం ఆలస్యమైతే ఇంటి అద్దె ఆగదు. అందువల్ల కొన్ని నెలల ఖర్చుకు సరిపడే సొమ్ము ముందుగా కూడబెట్టుకోవడం వివేకం.

మూడవ ప్రశ్న: నా ఆదాయం ఎందరినుంచి వస్తున్నది? అంతా ఒక్క సంస్థనుంచే వస్తే, అది మూతపడిన నాడు శ్రీనాథుని కష్టమే మనకూ ఎదురవుతుంది.

నాలుగవ ప్రశ్న: నా హక్కులు నాకు తెలుసా? 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగ బాధ్యతగా రాసినవి మినహా, సాహిత్య రచనకు తొలి హక్కుదారు సాధారణంగా రచయితే. ఆ హక్కును బదిలీ చేయాలంటే సంతకం చేసిన లిఖిత పత్రం తప్పనిసరి. అందులో కాలపరిమితి పేర్కొనకపోతే దానిని ఐదేళ్లుగా పరిగణిస్తారు. నోటిమాటపై రచనను అప్పగించడం, చదవకుండా సంతకం చేయడం రెండూ ప్రమాదమే.

ఈ ప్రశ్నలు ఉత్సాహాన్ని చల్లార్చడానికి కావు. సమాధానాలను కాగితంపై పెట్టి ఏటేటా సరిచూసుకొన్నవారికి తమ బలం, లోపం రెండూ తెలుస్తాయి. ప్రస్తుతానికి ఉద్యోగం చేస్తూ రాయడమే మేలని తేలితే చిన్నబోనక్కరలేదు. నాగలి పట్టిన చేయి గంటం పట్టడం మన సాహిత్యానికి కొత్త కాదు. ప్రతిభ రచయితను పుట్టిస్తుంది. ఆ రచయితను నిలబెట్టేది తనను తాను తూచుకొనే నిజాయితీ.