గడువు తీరని కొలువు

జపాను ప్రభుత్వం 1987లో జెట్ పథకాన్ని ప్రారంభించిన నాటి నుండి విదేశీ యువతీయువకులెందరో అక్కడి పాఠశాలల్లో ఆంగ్ల బోధనకు సహాయకులుగా చేరుతున్నారు. వారి ఒప్పందం ఏడాదికి మాత్రమే. ఆ గడువు తీరకముందే కొలువు విడిచిన ఉపాధ్యాయుడు మరునాడే దేశం వీడవలెనా? అక్కరలేదు. నివాసార్హతను ప్రసాదించేది రాజ్యం. దాని గడువు వేరు. వీసా రద్దు చేయిస్తామని బెదిరించే యజమానులు లేకపోలేదు గాని, ఆ అధికారం వారిది కాదు. అయితే కొలువు మానిన 14 రోజులలోగా ఆ సంగతిని వలస వ్యవహారాల శాఖకు తెలియజేయాలి. తొందరలో పలువురు మరచేది దీనినే. తగిన కారణం లేకుండా మూడు నెలలో, అంతకు మించియో ఆ వృత్తికి దూరమైతే నివాసార్హతను ప్రభుత్వం రద్దు చేయవచ్చు. పాఠశాల వదలి ప్రైవేటు భాషాశిక్షణ సంస్థలో చేరదలచినవారు నివాసార్హత వర్గాన్ని సైతం మార్చుకోవలసి ఉంటుంది.