చెరకు పిప్పిలో మిగిలిన చక్కెర

నటేశన్ నగర్‌లో చెరకు రసం బండి దగ్గర ఎప్పుడైనా నిలబడి చూడండి. ఒకే గడను మడతపెట్టి మూడు నాలుగు సార్లు మరలో పెడతారు. రసమంతా దిగాక పిప్పిని అవతల పారేస్తారు. ఆ పిప్పిలో సగానికి పైగా ఇంకా చక్కెరలే ఉన్నాయి! కాకపోతే మన నాలుకకు అందని రూపంలో ఉన్నాయి.

అన్నంలోని పిండిపదార్థం, పిప్పిలోని సెల్యులోజ్ రెండూ గ్లూకోజ్ గొలుసులే. కొక్కెం తగిలించిన తీరే వేరు. పిండిపదార్థపు గొలుసు చుట్టలు తిరుగుతుంది; మన లాలాజలమే దాన్ని తెంపుతుంది. సెల్యులోజ్ గొలుసులు తిన్నగా సాగి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. గడ్డి తినే ఆవు కూడా వాటిని సొంతంగా తెంపలేదు, దాని కడుపులోని సూక్ష్మజీవులు తెంపుతాయి.

1819లో ఫ్రాన్సు శాస్త్రవేత్త బ్రకొన్నో పాత నారగుడ్డలను సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చక్కెరగా మార్చాడు. అయితే ఆ ఆమ్లం పాకంలోనే కలిసిపోతుంది, పాత్రలనూ తినేస్తుంది. సున్నం వేసి విరిచేస్తే జిప్సం కుప్పలు మిగులుతాయి.

అందుకే ఘన ఉత్ప్రేరకాలు. ఆమ్ల గుణాన్ని గట్టి రేణువుకే అతికిస్తే, పని అయ్యాక టీ పొడిలా వడకట్టి మళ్లీ వాడుకోవచ్చు. 2008లో జపాన్‌లో మిచికజు హరా బృందం సెల్యులోజ్‌నే సగం మాడ్చి, ఆ బొగ్గుకు ఆమ్ల సమూహాలు తగిలించి, దానితో 100 డిగ్రీల వేడిలో సెల్యులోజ్‌ను తెంపింది. ముల్లును ముల్లుతో తీయడమంటే ఇదే! పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో పరేశ్ ధెపే బృందం జియోలైట్ల వంటి ఘన ఆమ్లాలతో పంట వ్యర్థాలలోని హెమిసెల్యులోజ్ నుంచి చక్కెరలు తీసింది.

పంజాబ్, హర్యానాల నుంచి బదిలీ మీద వచ్చినవారికి వరి కొయ్యలు తగలబెట్టిన పొగ గుర్తుండే ఉంటుంది. ఆ గడ్డి నుంచే ఏటా సుమారు 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీసేందుకు 2022 ఆగస్టులో పానిపట్‌లో కర్మాగారం ప్రారంభమైంది. అక్కడ గొలుసులు తెంపేవి ఎంజైములు. వాటికి ఖర్చెక్కువ, పని నిదానం. మరి ఘన ఉత్ప్రేరకాలు ఎందుకు వాడరు? గడ్డీ ఘనమే, ఉత్ప్రేరకమూ ఘనమే; రెండు రాళ్లలా అక్కడక్కడా మాత్రమే తగులుతాయి. అందుకని రెంటినీ కలిపి మెత్తగా నూరాలి, దానికి కరెంటు కావాలి. పైగా గడ్డిలో కరగని లిగ్నిన్ మడ్డి నల్లని రేణువులతో కలిసిపోతే వడపోత వాటిని విడదీయలేదు. కొందరు పరిశోధకులు రేణువులలో ఇనుము కలిపి, అయస్కాంతంతో లాగి చూస్తున్నారు.